రెండో పిలుపు: హైదరాబాద్ ఆటగాళ్ళ బేరాల చరిత్ర

పాతబస్తీ నుంచి, దాని చుట్టుపక్కల వాడల నుంచి ఆటగాళ్ళు బయటి ఊళ్ళకు వెళ్ళడం కొత్త సంగతి కాదు. ఎవరు ఏ జట్టుకు వెళ్ళారు, అక్కడ ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని కప్పులు గెలిచారన్నది పాత తరం అభిమానులు పూసగుచ్చినట్టు చెబుతారు. అయితే ఆ ఆటగాడు ఒక జట్టుకు సరేనన్న రోజున అతని దగ్గర ఇంకో జట్టు పిలుపు కూడా ఉందా లేదా అన్న ప్రశ్న చాలా అరుదుగా వినిపిస్తుంది. నేను ముఖ్యమనుకునే ప్రశ్న అదే. అడిగేవాడు ఒక్కడే అయితే ఆటగాడు ఇచ్చింది పుచ్చుకుంటాడు. ఇద్దరుంటే తన మాట చెప్పుకోగలుగుతాడు. హైదరాబాద్ ఆటల చరిత్రలో చాలా సంతోషాలకూ చాలా దుఃఖాలకూ మూలం ఇక్కడ ఉందని నా నమ్మకం.

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళు ఒప్పందం ముగిశాక ‘ఫ్రీ ఏజెంట్లు’ అవుతారు. ఒక జట్టు ఇస్తానన్న మొత్తాన్ని ఇంకో జట్టుకు వినిపించి తమ ధర పెంచుకుంటారు. 2022 డిసెంబరులో ఆరన్ జడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుతో మాట్లాడి వచ్చాక, అతని సొంత జట్టు న్యూయార్క్ యాంకీస్ తొమ్మిదేళ్ళకు 36 కోట్ల డాలర్లు ముట్టజెప్పి నిలుపుకొంది. రెండేళ్ళ తర్వాత హువాన్ సోటో అదే యాంకీస్‌నూ, అదే నగరంలోని మెట్స్‌నూ పోటీకి నిలబెట్టి పదిహేనేళ్ళకు 76.5 కోట్ల డాలర్లకు మెట్స్‌లో చేరాడు. ఈ అంకెలు మనకు వింతగా తోచవచ్చు గానీ, దీని వెనక ఉన్న పద్ధతి హైదరాబాద్‌కు కొత్తది కాదు. ఇక్కడివాళ్ళు కాగితం లేకుండా, వకీలు లేకుండా, ఏజెంటు లేకుండా అర్ధ శతాబ్దం కిందటే ఆ పని చేసి చూపించారు. అంతకుముందు వాళ్ళ తరఫున నవాబులూ రాజకుమారులూ చేశారు.

సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులు చూసినవారికి ఆ వంశం పేరు తెలిసే ఉంటుంది. నిజాం తర్వాత అంతటి జాగీర్లున్న కుటుంబం. ఆ వంశంలో ఆస్మాన్ జా కొడుకు నవాబ్ మొయినుద్దౌలా 1930–31లో తన పేరు మీద బంగారు కప్పు పెట్టి క్రికెట్ పోటీలు మొదలుపెట్టాడు. దేశంలో ఇంకా రంజీ ట్రోఫీ పుట్టని రోజులవి. కప్పు పెట్టడం ఒక ఎత్తు, దాన్ని గెలవడానికి సంస్థానాధీశులు జట్లు కూర్చడం ఇంకో ఎత్తు. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచినాయన, ఆ ఏడాదే ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌నూ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ తన జట్టులోకి రప్పించి ఇండియా, సిలోన్ అంతా తిప్పాడు. ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయిన ఖాళీని తన ఖజానాతో పూడ్చాడు. ఆ తర్వాత మొయినుద్దౌలా కప్పు కోసం వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టాంటైన్‌ను కూడా తెప్పించాడు. అవతల పటియాలా మహారాజు ఉన్నాడు. విజ్జీకీ ఆయనకూ పోటీ మైదానంలో ఆగలేదు. కొత్తగా వచ్చిన జాతీయ పోటీకి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టాలని విజ్జీ, రంజీ పేరు పెట్టాలని పటియాలా పట్టుబట్టేదాకా వెళ్ళింది.

ఇద్దరు రాజుల మధ్య పంతం ఉన్నంతకాలం మంచి ఆటగాడికి గిరాకీ ఉంటుంది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడును 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. ఆ కొలువే ఆయన జీవితానికి ఆధారమైంది. 1932లో భారతదేశపు తొలి టెస్టుకు సారథ్యం వహించిన మనిషికి నెలజీతం వచ్చింది క్రికెట్ బోర్డు నుంచి కాదు, ఒక సంస్థానం సైన్యం నుంచి. హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. సంస్థానాల కాలం అయిపోయాక యాభై ఎనిమిదేళ్ళ వయసులో సి.కె. ఆంధ్ర జట్టుకు రంజీలో నాయకత్వం వహించారు. తెలుగునేల తన బిడ్డను జట్టులోకి పిలిచింది ఆయన మంచి వయసంతా ఇండోర్‌లో ఖర్చయ్యాకనే.

సంస్థానాధీశుల పోటీలో ఆటగాడికి మేలు జరిగిన మాట నిజమే. కానీ ఆ మేలు దయ రూపంలో వచ్చేది, హక్కు రూపంలో కాదు. దయ ఎప్పుడైనా తప్పిపోవచ్చు. విజ్జీ సారథిగా వెళ్ళిన 1936 ఇంగ్లండ్ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. జట్టులో అంతటి ఆటగాడు ఇంకొకడు లేకపోయినా ఆయన పక్షాన మాట్లాడే వ్యవస్థ ఒక్కటీ లేదు.

క్రికెట్ అలా కోటల్లో పెరుగుతుంటే ఫుట్‌బాల్ గల్లీల్లో పెరిగింది. నిజాం సైన్యంలోని అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌లో ఈనాటికీ సాయంత్రాలు బంతి చప్పుడు వినిపిస్తుంది. కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల బడుల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. తర్వాత జరిగింది ఈ దేశపు ఆటల చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు సిటీ పోలీస్‌దే. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1954లో, 1957లో మళ్ళీ గెలిచింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో ఇంకోసారి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచిందంటే ఆ జట్టు నిండా హైదరాబాదీలే. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. కోచ్ రహీం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిందీ ఆయన తీర్చిదిద్దిన జట్టే. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

సిటీ పోలీస్ ఆటగాళ్ళు ఎందుకు అక్కడే ఉండిపోయారు? రహీం సాబ్ మీద భక్తి అని చాలామంది అంటారు. భక్తి నిజమే. కానీ ఇంట్లో పొయ్యి వెలిగించింది పోలీసు ఉద్యోగం. ప్రభుత్వ కొలువు, నెల తిరిగేసరికి జీతం, రిటైరయ్యాక పింఛను. పెద్ద కుటుంబాన్ని మోసే పాతబస్తీ యువకుడికి అది చిన్న విషయం కాదు. అయితే అదే ఉద్యోగం అతణ్ణి కట్టిపడేసింది కూడా. హైదరాబాద్‌లో ఆటను చూసి అంతకంటే ఎక్కువ ఇస్తామని ముందుకొచ్చే రెండో యజమాని లేడు. వరుసగా ఐదేళ్ళు రోవర్స్ గెలిచిన జట్టులో ఉన్నా, జీతం పెంచమని అడిగేందుకు ఆటగాడి చేతిలో ఏ ఆధారమూ లేదు. కాదంటే ఎక్కడికి పోతావు అన్న ప్రశ్నకు ఊళ్ళో జవాబు లేదు.

జవాబు కలకత్తాలో ఉంది.

కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్. మూడింటి వెనకా లక్షల అభిమానులు, మూడింటి మధ్యా తరాల నాటి పంతం. బయటి ఊళ్ళ నుంచి ఆటగాళ్ళను తెచ్చుకోవడంలో దారి చూపింది మొహమ్మదన్. 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచిన ఆ జట్టు బెంగళూరు నుంచి, దూరాన క్వెట్టా నుంచి ఆటగాళ్ళను రప్పించింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణాదిని గాలించాడు. అక్కడివాళ్ళు ‘పంచ పాండవులు’ అని మురిపెంగా పిలుచుకున్న ముందువరుసలో వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలేతో పాటు కాకినాడ నుంచి వెళ్ళిన అప్పారావు ఉన్నాడు. 1949, 1950, 1951 సంవత్సరాల్లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఆ జట్టుకే దక్కింది.

1957లో ఈస్ట్ బెంగాల్ పిలుపు అందుకున్న హైదరాబాదీ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. శిక్షణకు రావడానికి దారిఖర్చు కూడా లేకపోతే రహీం సాయం చేశారని ఆయనే చెప్పుకున్నారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు సారథిగా లీగ్ గెలిపించారు, ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే. అనారోగ్యం వెంటాడి 1963లో, ముప్ఫై ఏళ్ళు నిండకముందే, ఆట మానేశారు. చివరి జట్టు బెంగాల్ నాగపూర్ రైల్వే. ఒక రైల్వే ఉద్యోగం, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒక నివాసం. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరిని చివరి రోజుల్లో అయినా తిరిగి ఇంటికి పిలవడం హైదరాబాద్‌కు తోచలేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ రాయకుండా ఉండలేను.

కలకత్తా బేరాలు ఎలా జరిగేవో చెప్పుకోవాలి. లెక్కప్రకారం అందరూ ఔత్సాహికులే, డబ్బు పుచ్చుకునే ఆటగాళ్ళు కారు. కాబట్టి కోర్టులో చూపించగల ఒప్పందం ఉండదు. అడ్వాన్సు చేతులు మారేది. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చినట్టే అక్కడా బేరం అందరి ముందే జరిగేది, ఎవరికీ కనిపించేది కాదు. ఏటా జట్లు మారే ఋతువు వచ్చిందంటే నగరమంతా ఉత్కంఠే. ఆటగాడు బెంగాల్ ఫుట్‌బాల్ సంఘమైన ఐ.ఎఫ్.ఎ. కార్యాలయానికి వెళ్ళి సంతకం పెట్టేదాకా ఎవరి మాటా ఖాయం కాదు. అందుకని క్లబ్బు మనుషులు ఆటగాణ్ణి ముందే తీసుకెళ్ళి ఏ హోటల్లోనో, ఏ అభిమాని ఇంట్లోనో దాచేవాళ్ళు. ఎదుటి క్లబ్బు మనుషులు వెతికేవాళ్ళు. తర్వాత టోకెన్ల పద్ధతి వచ్చింది. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే ఆటగాడు వాళ్ళవాడు.

ఆ గందరగోళంలో తన విలువ తెలిసి నడుచుకున్న మనిషి మొహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాద్‌లో పుట్టాడు. అన్నదమ్ముల్లో ఇంకొందరు కూడా ఫుట్‌బాలర్లే. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళేనాటికి ఇంకా కుర్రాడు. తర్వాత మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, 1975లో మొహమ్మదన్, 1976లో మళ్ళీ మోహన్ బగాన్, తర్వాత ఇంకోసారి మొహమ్మదన్, 1980లో ఇంకోసారి ఈస్ట్ బెంగాల్, చివరికి మళ్ళీ మోహన్ బగాన్. కలకత్తాలో ఏ క్లబ్బు అభిమాని అయినా ఏదో ఒక ఏడాది అతణ్ణి తిట్టుకునే ఉంటాడు, ఏదో ఒక ఏడాది భుజాన ఎత్తుకునే ఉంటాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ళంతా బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకుని క్లబ్బుకు ఆడేవాళ్ళు. హబీబ్ ఉద్యోగాలు వద్దన్నాడు. ఆటే తన పని అన్నాడు. భారతదేశపు మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని అతణ్ణి పిలుస్తారంటే అందుకే.

ఉద్యోగం వద్దనడం ఎంత తెగువో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. కాలు విరిగితే కుటుంబం రోడ్డున పడుతుంది. కానీ సిటీ పోలీస్ తరానికి లేని స్వేచ్ఛ ఆ తెగువలోంచే వచ్చింది. ఏ అధికారి బదిలీ చేస్తాడన్న భయమూ, ఏ ప్రమోషన్ ఆగిపోతుందన్న బెంగా లేదు. ఏడాది ఆఖరున మూడు క్లబ్బుల్లో ఏది తనను గౌరవిస్తే అటు వెళ్ళగలడు. తన వెంట తమ్ముడు అక్బర్‌ను కూడా నిలబెట్టాడు.

1976 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంతకుముందు ఆరేళ్ళు వరుసగా కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్ గెలిచింది. 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5–0తో చిత్తు చేసింది. ఆ అవమానం మోహన్ బగాన్ అభిమానుల గుండెల్లో గునపంలా దిగింది. మరుసటి ఏడాది క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు అన్ని విజయాలు తెచ్చిన కోచ్ పి.కె. బెనర్జీనే తీసుకొచ్చింది. మొహమ్మదన్ నుంచి హబీబ్‌నూ అక్బర్‌నూ తీసుకొచ్చింది. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన లీగ్ మ్యాచ్‌లో ఆట మొదలైన పదిహేడో సెకనులో అక్బర్ గోల్ కొట్టాడు. మోహన్ బగాన్ గెలిచింది, లీగ్ గెలిచింది. 1977లో షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో 2–2గా నిలిచిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఇదంతా ఎందుకు సాధ్యమైంది? ఒక క్లబ్బు అవమానంతో రగిలిపోతూ, పోటీ క్లబ్బును మించి ఇవ్వడానికి సిద్ధపడింది కాబట్టి. హైదరాబాద్ అన్నదమ్ముల చేతుల్లో ఆ సమయానికి అది సాటిలేని బలం.

1980లో ఇంకో భూకంపం. ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ళలో ఎక్కువమంది ఒక్కసారిగా మొహమ్మదన్‌కు తరలిపోయారు. హైదరాబాద్‌కే చెందిన షబ్బీర్ అలీ, బొంబాయి టాటా స్పోర్ట్స్ క్లబ్ నుంచి కలకత్తా వచ్చినవాడు, వెళ్ళినవారిలో ఒకడు. 1981లో మొహమ్మదన్ లీగ్ గెలిచింది. ఖాళీ అయిన ఈస్ట్ బెంగాల్‌ను మళ్ళీ నిలబెట్టడానికి పిలిచింది అలీగఢ్‌లో చదువుకుంటున్న ఇరాన్ కుర్రాళ్ళు మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీలను, పెద్దదిక్కుగా హబీబ్‌ను. ఆ ఏడాదే ఫెడరేషన్ కప్పు మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఒకే ఋతువులో రెండు క్లబ్బుల భవిష్యత్తును రెండు వైపులా నిలబెట్టినవారిలో హైదరాబాదీలు ఉండటం నాకు గర్వంగా అనిపిస్తుంది. సయ్యద్ నయీముద్దీన్ పేరు కూడా ఇక్కడే చెప్పాలి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు నాయకుడు. కలకత్తా క్లబ్బులకు ఆడాడు, తర్వాత ఆ క్లబ్బులకే శిక్షకుడయ్యాడు, ఢాకా బ్రదర్స్ యూనియన్ దాకా వెళ్ళాడు. క్రమశిక్షణ విషయంలో పట్టువిడుపు లేని మనిషి. ఇన్ని క్లబ్బులు పదేపదే పిలిచాయంటే ఆ కటువుదనం కూడా వాళ్ళకు కావలసినదేనన్నమాట.

జట్లు మారేవాళ్ళను ద్రోహులని తిట్టడం అభిమానులకు అలవాటు. నాకు ఆ తిట్టు అన్యాయంగా అనిపిస్తుంది. క్లబ్బు తనకు అక్కర్లేని ఆటగాణ్ణి ఒక్క మాటతో సాగనంపితే దాన్ని నిర్వహణ అంటారు. ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు వెళితే డబ్బాశ అంటారు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోయినప్పుడు మూడు క్లబ్బుల అభిమానులూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అతను ఎవరినీ మోసగించలేదని అందరికీ తెలుసు. ఏ జట్టు చొక్కా తొడుక్కుంటే ఆ జట్టుకు ప్రాణం పెట్టి ఆడాడు.

విచిత్రమేమిటంటే సరిగ్గా అదే కాలంలో అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళు ఇదే హక్కు కోసం చట్టంతో తలపడుతున్నారు. అక్కడ ‘రిజర్వ్ క్లాజ్’ అనే నిబంధన ఉండేది. ఒప్పందం ముగిసినా ఆటగాడు ఆ జట్టు సొత్తే. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు తనను వేరే జట్టుకు బదిలీ చేస్తే వెళ్ళనన్నాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆటా పోయింది. కానీ 1974 డిసెంబరులో జట్టు జీతం ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు ఓక్లాండ్ పిచర్ క్యాట్‌ఫిష్ హంటర్‌కు మధ్యవర్తి విముక్తి ఇచ్చాడు. జట్ల ప్రతినిధులు నార్త్ కరోలినాలోని అతని చిన్న ఊరికి వరుస కట్టారు. లక్ష డాలర్ల జీతగాడు యాంకీస్‌తో ముప్ఫై లక్షల డాలర్లు దాటిన ఒప్పందం మీద సంతకం చేశాడు. పోటీ బేరం ఉంటే ఆటగాడి నిజమైన విలువ ఎంతో దేశమంతా అప్పుడు చూసింది. ఏడాది తిరక్కుండా, 1975 డిసెంబరు 23న, మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో రిజర్వ్ క్లాజ్ కూలిపోయింది. యజమానులు ఊరుకోలేదు. 1980ల నడుమ ఒకరి ఆటగాళ్ళను ఒకరు అడగకూడదని లోపాయికారీగా కూడబలుక్కున్నారు. బయటపడ్డాక ఆటగాళ్ళకు 28 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టాల్సివచ్చింది.

అమెరికా ఆటగాళ్ళకూ హైదరాబాద్ అన్నదమ్ములకూ మధ్య ఉన్న తేడా గమనించాలి. అక్కడ సంఘం ఉంది, కాగితం ఉంది, తీర్పు ఉంది. అందుకే ఆ విజయం తర్వాతి తరాలకు దక్కింది. హబీబ్ గెలుపు హబీబ్‌తోనే ఆగిపోయింది. మరుసటి తరం హైదరాబాదీకి కలకత్తా మళ్ళీ కొత్తగా తలుపు తట్టాల్సిన ఊరే అయింది. తట్టేవాళ్ళూ క్రమంగా తగ్గిపోయారు.

ఫుట్‌బాల్ కథ ఇలా ఉంటే, హైదరాబాద్ క్రికెటర్లకు చాలాకాలం బేరం అంటే బ్యాంకు ఉద్యోగమే. మొయినుద్దౌలా కప్పులో సంస్థానాల స్థానంలో కంపెనీలూ బ్యాంకులూ వచ్చాయి. ఆ స్తబ్ధతను బద్దలు కొట్టింది 2007లో జీ టీవీ అధిపతి సుభాష్ చంద్ర మొదలుపెట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్. బోర్డుకు తొలిసారి బయట ఒక పోటీదారు వచ్చాడు. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు ఆస్ట్రేలియాలో టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ చేసిన పని అది. హైదరాబాద్ పేరుతో ‘హైదరాబాద్ హీరోస్’ జట్టు పుట్టింది. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు అందులో చేరాడు. 2008లో ఆ జట్టు కప్పు కూడా గెలిచింది. బోర్డు చేరినవాళ్ళందరినీ బహిష్కరించింది, 2009లో క్షమించి తిరిగి రానిచ్చింది. ఆ రెండేళ్ళు ఆ కుర్రాళ్ళు పడిన మానసిక క్షోభకు లెక్క లేదు. కానీ వాళ్ళు వెళ్ళడం వల్లే బోర్డు దేశవాళీ ఆటగాళ్ళ జీతాలు పెంచింది, ఐ.పి.ఎల్. తొందరగా వచ్చింది. తర్వాత కోట్లు పుచ్చుకున్న ప్రతి ఆటగాడూ ఆ బహిష్కృతులకు ఎంతోకొంత రుణపడి ఉన్నాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఐ.పి.ఎల్. తెచ్చిన డబ్బు చూసి, ఆటగాడికి స్వేచ్ఛ కూడా వచ్చిందనుకోకూడదు. వేలంలో అతని మాటకు చోటు లేదు. ఎవరు కొంటే వాళ్ళకు ఆడాలి. రాజస్థాన్ రాయల్స్‌తో కొత్త ఒప్పందం చేసుకోకుండా వేరే జట్టుతో బేరమాడాడని 2010లో రవీంద్ర జడేజాను ఏడాదంతా ఆడనివ్వలేదు. అమెరికాలో హక్కుగా ఉన్నది ఇక్కడ నేరమైంది. రెండేళ్ళ తర్వాత అదే జడేజా కోసం చెన్నై, మన డెక్కన్ చార్జర్స్ రెండూ గరిష్ఠ పరిమితి ఇరవై లక్షల డాలర్ల దాకా పోటీపడ్డాయి. చివరికి సీల్డ్ కవర్ బేరంలో చెన్నై గెలిచింది. ఆ కవరులో రాసిన మొత్తం ఆటగాడికి పోదు. హైదరాబాద్ పోటీ అతని ధరను ఆకాశానికి తీసుకెళ్ళింది గానీ, ఆ పైన పెరిగిన విలువ అతనికి దక్కలేదు.

ఇటీవల నిబంధనలు కాస్త మెత్తబడ్డాయి. 2024 నవంబరులో జెడ్డా వేలంలో పాత జట్టు ‘రైట్ టు మ్యాచ్’ వాడుకుంటానంటే, పాడిన జట్టుకు ఇంకోసారి ధర పెంచే అవకాశం ఇచ్చారు. అర్ష్‌దీప్ సింగ్‌ను సన్‌రైజర్స్ హైదరాబాద్ 15.75 కోట్లకు పాడింది. పంజాబ్ మాకే కావాలంది. హైదరాబాద్ ఒక్కసారిగా 18 కోట్లంది. పంజాబ్ ఆ మొత్తం ఇచ్చి తీసుకుంది. అర్ష్‌దీప్ ఒక్క రోజు కూడా హైదరాబాద్‌కు ఆడలేదు, కానీ అతనికి రెండుంబావు కోట్లు అదనంగా తెచ్చింది హైదరాబాద్ పాటే. పోటీ జట్టు విలువ ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మన కుర్రాళ్ళ సంగతి చూస్తే, ఆటో నడిపిన తండ్రి కొడుకు మొహమ్మద్ సిరాజ్ 2017లో ఇరవై లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్లకు సన్‌రైజర్స్‌లో చేరాడు. మరుసటి ఏడాదే బెంగళూరుకు పోయాడు, 2024 వేలంలో 12.25 కోట్లకు గుజరాత్‌కు. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతుండగా కోచ్ సలాం బయాష్ కంటపడిన తిలక్ వర్మ 2022లో 1.7 కోట్లకు ముంబైకి వెళ్ళాడు, తర్వాత ఎనిమిది కోట్లకు అక్కడే నిలిచాడు. ఇద్దరూ ఈ నేల బిడ్డలే, ఇద్దరి జీవితాలూ బాగుపడ్డాయి. నాకు సంతోషమే. అయినా ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాటను ఈ ఊరు తిరగేసిందని అనిపించక మానదు. రచ్చ గెలిచాకే ఇంటివాళ్ళు గుర్తిస్తున్నారు.

ఫుట్‌బాల్‌కు ఇంట్లో కొనేవాడు ఒకసారి వచ్చాడు. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ కింద 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. టైటిల్ గెలిచింది. ఆ రోజుల్లో రహీం సాబ్ ఊరికి మళ్ళీ ఫుట్‌బాల్ వచ్చిందని నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత జీతాలు ఆగాయి. 2023–24లో ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళది ధర పెంచుకునే బేరం కాదు, బకాయిలు రాక వేరే చోటు వెతుక్కోవడం. జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

ఇప్పుడు ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ ఉంది, 2019లో ఏర్పడింది, కానీ అందులో సభ్యత్వం ఆట మానేసినవాళ్ళకే. ఆడుతున్న క్రికెటర్ల తరఫున జట్లతో, బోర్డుతో కూర్చుని మాట్లాడే సంఘం లేదు. వేలం నిబంధనలు ఎవరు రాస్తారో, ఎప్పుడు మారుస్తారో వాళ్ళకు ముందుగా తెలియదు. ఫుట్‌బాల్‌లో పరిస్థితి ఇంకా పలచన. పదహారేళ్ళ హైదరాబాద్ కుర్రాడికి ఎడమ కాలు అద్భుతంగా ఆడినా, ఐ.ఎస్.ఎల్. ఆడే క్లబ్బు ఈ నగరంలో ఇవాళ ఒక్కటి కూడా లేదు. గోవా, కేరళ, లేదంటే అప్పారావు, బలరాం, హబీబ్ పోయిన కలకత్తాయే. అతనికి ఎవరైనా పిలుపు పంపితే ఆ కాగితం చదివి అర్థం చెప్పేవాడూ, ఇంకో క్లబ్బు ఎంత ఇస్తుందో కనుక్కుని చెప్పేవాడూ ఈ ఊళ్ళో ముందు కావాలి.